దుబాయ్ జీతం, ఇంటి లెక్క



జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. కోనసీమలో, రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల కువైట్ సంగతి తెలియని ఇల్లు ఉండదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్న పిల్లలకు కూడా ఇప్పుడు దుబాయ్, రియాద్, దోహా కంపెనీల నుంచి పిలుపులు వస్తున్నాయి. పిలుపు రాగానే ఇంట్లో మొట్టమొదట చేసే పని హెచ్చవేత. దిర్హమ్ ఎంత, రియాల్ ఎంత, దినార్ ఎంత, జీతంతో హెచ్చవేస్తే ఎన్ని రూపాయలు. ఆ అంకె చూడగానే సగం నిర్ణయం జరిగిపోతుంది. దాని తర్వాత వేసుకోవలసిన తీసివేతల గురించి ఈ రోజు మాట్లాడతాను. అందులోనూ చాలామంది లెక్కలోకే తీసుకోని తీసివేత ఒకటుంది. అది వెళ్లడానికి పెట్టే ఖర్చు, ఆ ఖర్చు కోసం తెచ్చిన అప్పుకు కట్టే మిత్తి. నా అనుభవంలో ఇంటి తలరాత మార్చేది జీతం కన్నా ఎక్కువగా ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. దగ్గర కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి. సెంట్రింగ్ పని తెలిసిన కుర్రవాడు ఒకడున్నాడు అనుకుందాం. పెళ్లయింది, ఒక పాప. దుబాయ్‌లో కట్టడాల కంపెనీలో నెలకు 1,200 దిర్హమ్‌లు ఇస్తామన్నారు. గది కంపెనీది, తిండి తనది. లెక్క తేలికగా ఉండటానికి దిర్హమ్‌కు 23 రూపాయలు వేసుకుందాం. 27,600 రూపాయలు అయింది. ఊళ్లో అందరి నోటా వినపడేది ఈ అంకే.

ఇప్పుడు తీసివేద్దాం. క్యాంపులో నలుగురైదుగురు కలిసి వండుకునే మెస్‌కు 350. ఫోనుకు 60. సబ్బు, నూనె, క్షవరం, తలనొప్పి మాత్రలు, చాయ్, సెలవు రోజు బయటికి పోతే బస్సు ఖర్చు అన్నీ కలిపి 90. మొత్తం 500. ఇది చాలా పొదుపుగా బతికే మనిషి లెక్క. చేతిలో మిగిలేది 700 దిర్హమ్‌లు, అంటే 16,100 రూపాయలు. అందులో ఇంటి ఖర్చుకు భార్యకు 8,000 కావాలి. ఇక మిగిలింది 8,100. ఈ 8,100 ఎవరిది అన్నది తేల్చుకోవాలి.

వీసాకని ఏజెంటుకు లక్ష రూపాయలు ఇచ్చాడు అనుకుందాం. ఆ లక్ష ఇంట్లో లేదు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. మిత్తి ఒక్కటే నెలకు మూడు వేలు. ప్రయాణం, అక్కడి వైద్య పరీక్షలు, మొదటి జీతం కోసం ఎదురుచూపు, వీటితో మొదటి రెండు నెలలు ఏమీ కట్టలేడు. బాకీ లక్షా ఆరు వేలవుతుంది. మూడో నెల నుంచి 8,100 చొప్పున కడుతూ పోతే, మిత్తి పోను మిగిలింది అసలుకు జమపడుతూ, బాకీ తీరేసరికి పందొమ్మిదో నెల వస్తుంది. దుబాయ్‌లో మామూలు వర్క్ పర్మిట్ రెండేళ్లకు ఇస్తారు. ఇరవై నాలుగులో పందొమ్మిది పోతే ఐదు. ఐదు నెలలకు 40,500 రూపాయలు. రెండేళ్లు ఎండలో ఇనుము మోసి, పాప నడక నేర్చుకోవడం ఫోన్లో చూసిన మనిషి కూడబెట్టింది నలభై వేలు.

అదే కుర్రవాడు, అదే కంపెనీ, అదే జీతం. ఈసారి ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా వెళ్లాడు అనుకుందాం. మన దేశ నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. అటూఇటూ తిరిగిన చార్జీలు, ఇతర ఖర్చులు కలిపి 50,000 అనుకుందాం. ఆ డబ్బు బ్యాంకులో బంగారం కుదువపెట్టి, నూటికి నెలకు రూపాయి లెక్కన తెచ్చాడు. ఇతనికీ మొదటి రెండు నెలలు కట్టడం కుదరలేదు. అయినా తొమ్మిదో నెలలో బాకీ తీరిపోతుంది. పదిహేను నెలలు మిగిలాయి. నెలకు 8,100 చొప్పున పదిహేను నెలలకు 1,21,500. జీతంలో ఒక్క దిర్హమ్ తేడా లేదు, మిగులు మాత్రం మూడు రెట్లు.

అందుకే ఎవరైనా వచ్చి ఫలానా కంపెనీలో 1,200, ఇంకో కంపెనీలో 1,300, ఏది మంచిది అని అడిగితే, ముందు ఏజెంటు ఎంత అడుగుతున్నాడో చెప్పమంటాను. నూరు దిర్హమ్‌లు ఎక్కువ ఇచ్చే కంపెనీకి యాభై వేలు ఎక్కువ కట్టి పోతే, ఆ యాభై వేలను నెలకు 2,300 చొప్పున రాబట్టుకోవాలి. మిత్తి వదిలేసినా దాదాపు ఇరవై రెండు నెలలు. కాంట్రాక్టు అప్పటికి అయిపోవస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే లెక్క నిజాయితీగా ఉండదు. ఇదే కుర్రవాడు ఇక్కడే ఉండి రోజుకు 800 రూపాయల కూలికి నెలలో ఇరవై రోజులు పనిచేస్తే 16,000 వస్తాయి. అక్కడ తిండి ఖర్చులు పోను మిగిలింది 16,100. మరి ఎందుకు పోతారు? ఇక్కడ పని రోజూ దొరకదు. దొరికినా డబ్బు ఏ రోజుకారోజు వస్తుంది, ఆ రోజే ఖర్చయిపోతుంది. అక్కడి నుంచి నెలకోసారి ఒకే మొత్తంగా వస్తుంది. చిట్టీ కట్టవచ్చు, బాకీవాడికి తేదీ చెప్పవచ్చు, ఇల్లు కట్టడం మొదలుపెట్టవచ్చు. ఈ కారణం చిన్నది కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అందుకోసమే పోతున్నామని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. 27,600 కోసం పోతున్నామని అనుకుని, 16,100 చేతికొచ్చినప్పుడు భార్యాభర్తల మధ్య ఫోన్లో గొడవ పడకూడదు. ఆ గొడవలు నేను విన్నాను. ఇద్దరిలో ఎవరి తప్పూ ఉండదు. ఒకరు చెప్పిన అంకె వేరు, ఇంకొకరు పట్టుకున్న అంకె వేరు.

ఇప్పుడు ఆ కాంట్రాక్టు కాగితం కొంచెం దగ్గరగా చూద్దాం. కుడివైపు అరబిక్, ఎడమవైపు ఇంగ్లీషు. మధ్యలో జీతం దగ్గర రెండు మూడు వరుసలుంటాయి. బేసిక్ అని ఒక వరుస, అలవెన్సులని ఇంకో వరుస, కింద మొత్తం. అందరి కళ్లూ మొత్తం మీదికే పోతాయి. మొత్తం 1,200 అయినా, బేసిక్ 800 పెట్టి మిగతా 400 అలవెన్సుగా చూపిస్తే చాలా నష్టం ఉంటుంది. ఎమిరేట్స్ చట్టం ప్రకారం ఓవర్‌టైం లెక్క బేసిక్ మీదే. మామూలు గంటలు దాటిన పనికి బేసిక్ గంట కూలి మీద కనీసం 25 శాతం, రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే 50 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. బేసిక్ 800 అయితే ఐదేళ్లకు 2,800 దిర్హమ్‌లు, 1,200 అయితే 4,200. తేడా 1,400, మన డబ్బులో 32,200 రూపాయలు. ఆ ఒక్క వరుస చదవనందుకు ఇంత పోతుంది. ఏడాది నిండకుండా వస్తే గ్రాట్యుటీ రాదు, అది కూడా తెలిసి ఉండాలి.

తిండి కంపెనీదా, లేక తిండి డబ్బు ఇస్తారా, గది ఎక్కడ, పని స్థలానికి బస్సు ఉందా, తిరుగు టికెట్ ఎవరిది, ఇవన్నీ అదే కాగితంలో ఉండాలి. ఖతర్‌లో ఈ విషయం చట్టంలోనే విడదీసి పెట్టారు. 2021 మార్చి నుంచి అక్కడ కనీస వేతనం 1,000 రియాళ్లు. యజమాని గది ఇవ్వకపోతే దానికి 500, తిండి పెట్టకపోతే దానికి 300 అదనంగా ఇవ్వాలి. మనవాళ్లు ఖతర్ కాంట్రాక్టు చూసేటప్పుడు ఈ మూడు అంకెలూ గుర్తుంచుకుంటే చాలు.

కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ల లెక్క వేరే తీరు. అక్కడ 2016లో ఇంటి పనివారికి కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. ఉండేది, తినేది యజమాని ఇంట్లోనే కాబట్టి జీతం దాదాపు అంతా ఇంటికి పంపవచ్చు. పైకి చూస్తే అందరికన్నా మిగులు ఎక్కువ వీళ్లకే అనిపిస్తుంది. కానీ ఆ అమ్మ తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి దాకా నిలబడితే, ఆ గంటలు ఎవరి లెక్కలోనూ పడవు. 2015లో వచ్చిన కువైట్ చట్టం రోజుకు పని పన్నెండు గంటలు దాటకూడదంటుంది, వారానికి ఒక రోజు సెలవు ఉండాలంటుంది, పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలంటుంది. ఈ మూడు హక్కులూ మన అక్కచెల్లెళ్లకు బయల్దేరక ముందే తెలియాలి. తెలిసినంత మాత్రాన అన్నీ దక్కుతాయని చెప్పలేను. తెలియకపోతే అడగడానికి కూడా ఉండదు.

ఆజాద్ వీసా సంగతి. పేరు వింటే స్వేచ్ఛ అనిపిస్తుంది. కఫీల్, అంటే మనకు పూచీగా ఉండే అక్కడి యజమాని, అతని పేరు మీద వీసా ఉంటుంది, పని మాత్రం మనమే వెతుక్కోవాలి. బయట రోజు కూలి కంపెనీ కన్నా ఎక్కువ దొరుకుతుంది, నిజమే. కానీ ఏటేటా కఫీల్‌కు ఇచ్చే డబ్బు, ఇకామా అనే నివాస పర్మిట్ ఖర్చు, గది కిరాయి, పని దొరకని రోజులు, వీటన్నిటినీ పన్నెండు నెలలకు పంచి చూడాలి. పైగా కఫీల్ దగ్గర కాకుండా వేరేచోట పనిచేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. పట్టుబడితే కేసు, జరిమానా, ఇంటికి పంపించడం. విజిట్ వీసా మీద పోయి పనిచేయడం కూడా అంతే. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఆ దారిన పోతే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, పని చేయలేకుండా శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయినవాడికి ఈ రక్షణ లేదు. లక్ష రూపాయలు అప్పు తెచ్చిన ఇంటికి ఈ 275 రూపాయల కాగితం ఎంత అవసరమో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక కుటుంబంతో పోదామనుకునే ఉద్యోగస్థుల సంగతి. హైదరాబాదులో నెలకు లక్ష రూపాయలు చేతికి వచ్చే ఇంజనీరుకు దుబాయ్‌లో 12,000 దిర్హమ్‌లు అన్నారు. 2,76,000 రూపాయలు, ఆదాయపు పన్ను లేదు. వినడానికి చాలా బాగుంది. ఒక పడకగది ఫ్లాటు ఏడాదికి 65,000 దిర్హమ్‌లు అనుకుందాం, నెలకు 5,400 పైన. ఆ కిరాయి మీద 5 శాతం దుబాయ్ మున్సిపాలిటీ గృహ రుసుము కరెంటు బిల్లులో కలిసి వస్తుంది, అది ఇంకో 270. కరెంటు, నీళ్లు, ఏసీ కలిపి 500. మన పిల్లలు చదివేది ప్రైవేటు బళ్లల్లోనే. ఒక పిల్లకు ఫీజు, బస్సు కలిపి నెలకు 1,200. సరుకులకు 1,800. ఫోన్లకు, ఇంట్లో ఇంటర్నెట్‌కు 450. రాకపోకలకు 600. పై ఖర్చులకు 500. కూడితే 10,700 దాటుతుంది. మిగిలేది సుమారు 1,260. మన డబ్బులో 29,000. హైదరాబాదులో లక్షలో డెబ్బై వేలు ఖర్చుపెట్టి ముప్పై వేలు వెనకేసే ఇంటికి, రెండున్నర వేల కిలోమీటర్ల దూరం పోయి వెనకేసింది అంతే.

దీనికి తోడు, దిగగానే ఒక్కసారిగా పెట్టవలసిన డబ్బు ఉంటుంది. డిపాజిట్ కిరాయిలో 5 శాతం, ఏజెన్సీ కమిషన్ ఇంకో 5 శాతం, కరెంటు కనెక్షన్‌కు 2,000 డిపాజిట్. కిరాయి నెలనెలా కట్టనివ్వకపోవచ్చు. ఏడాదికి నాలుగు చెక్కులు ముందే రాసి ఇమ్మంటే మూడు నెలల కిరాయి మొదటి రోజే పోతుంది. మొత్తం రెండు నెలల జీతం. మంచం, ఫ్రిజ్, గిన్నెలు ఇందులో కలపలేదు. భార్యాపిల్లల ఆరోగ్య బీమా కంపెనీ ఇస్తుందా, మనమే కొనుక్కోవాలా అన్నది ముందే అడగాలి. ఒక్కడే పోయి షార్జాలో గది పంచుకుంటే ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు మిగులు పెరుగుతుంది, ఇల్లు రెండు చోట్ల అవుతుంది. ఏది మేలు అన్నది బయటివాళ్లు చెప్పేది కాదు. నా మటుకు నేను, చిన్నపిల్లలున్న ఇంటికి కంపెనీ ఇంటి కిరాయి, స్కూలు ఫీజు ఇవ్వకపోతే కాస్త ఆగమనే చెబుతాను.

సౌదీలో కుటుంబాన్ని పెట్టుకునేవాళ్లకు ఇంకో ఖర్చుంది. 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలై, ఏటా వంద పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. మూడు లక్షల రూపాయల పైమాటే. అదే 2020 జూలైలో అక్కడ వ్యాట్ 5 నుంచి 15 శాతానికి పెరిగింది. జీతంలో ఏ మార్పూ లేకుండానే ఇంటి ఖర్చు అంత మారిపోయింది. కొందరు కుటుంబాలను ఇండియాకు పంపేసి, తాము మళ్లీ బ్యాచిలర్ గదుల్లోకి మారారు.

రూపాయి పడిపోయినప్పుడల్లా గల్ఫ్ ఇళ్లల్లో సంతోషం కనిపిస్తుంది. దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టివేసి ఉంది. సౌదీ రియాల్ 1986 నుంచి 3.75 దగ్గర. అందుకని డాలర్ పెరిగితే ఇవీ పెరుగుతాయి. 2013లో డాలర్ 60 రూపాయలు దాటినప్పుడు 1,200 దిర్హమ్‌లంటే 19,600 రూపాయలు. 2022లో 80 దాటినప్పుడు అదే 1,200 దిర్హమ్‌లు 26,100. తొమ్మిదేళ్లలో కంపెనీ ఒక్క దిర్హమ్ పెంచకపోయినా జీతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఈలోగా అక్కడ మెస్ ఖర్చు పెరిగింది, ఇక్కడ సిమెంటు ధర, బడి ఫీజు పెరిగాయి. కాబట్టి పాత కాంట్రాక్టు మళ్లీ రాసేటప్పుడు దిర్హమ్‌లలో ఎంత పెంచారు అని అడగాలి, రూపాయల్లో కాదు. పెంచడం అటుంచి, 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ దేశాలకు సూచించే కనీస వేతనాలను తగ్గించింది. దాని మీద వలస కార్మికుల తరఫున నిరసనలు, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచాయి. 2021 జూలైలో ఆ తగ్గింపు వెనక్కి తీసుకున్నారు. ఈ అంకెల కోసం పోరాడినవాళ్లుండబట్టే అవి నిలబడ్డాయి.

ఉద్యోగస్థులకు పన్ను గురించి ఒక జాగ్రత్త. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, ఆ పైన ఇండియాలో ఉంటే ఆ ఏడాదికి ఇక్కడి నివాసి కిందే లెక్క. సెప్టెంబరు దాటాక బయల్దేరితే, ఆ మిగిలిన నెలల్లో దుబాయ్‌లో వచ్చిన జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. వెళ్లే తేదీ మన చేతిలో ఉంటే ఈ సంగతి చూసుకోండి. ఇక్కడ కంపెనీ నెలనెలా వేసే పీఎఫ్ ఆగిపోతుందని కూడా లెక్కలో రాయండి. అక్కడ గ్రాట్యుటీ తప్ప వృద్ధాప్యానికి పెన్షన్ ఉండదు. ఇంజనీరుకు మిగిలిన ఆ 29,000లో రేపటి వృద్ధాప్యం కూడా ఉంది.

చివరగా ఒక్క లెక్క, దీన్ని ఇంట్లో భార్యాభర్తలు, తల్లిదండ్రులు కలిసి కూచుని వేయాలి. మన సెంట్రింగ్ కుర్రవాడి దగ్గరకే వద్దాం. ఇల్లు కట్టడానికి ఐదు లక్షలు కావాలని పోతున్నాడు. బాకీ తీరాక నెలకు 8,100 చొప్పున ఐదు లక్షలు కూడటానికి 62 నెలలు. ముందు బాకీ తొమ్మిది నెలల్లో తీరితే మొత్తం దాదాపు ఆరేళ్లు. లక్ష అప్పుతో పోతే ఆరేళ్ల తొమ్మిది నెలలు. మధ్యలో ఇంటికి వచ్చిపోయే సెలవులు, ఆ సెలవుల్లో చేసే ఖర్చు ఇందులో లేవు. అవి కలిపితే ఏడేళ్లు, ఎనిమిదేళ్లు. ఆ ఏళ్ల సంఖ్య ఏ కాంట్రాక్టులోనూ రాసి ఉండదు, ఏజెంటూ చెప్పడు. ఎన్నేళ్లు అన్నది ముందే ఒప్పుకుని, ఆ మాట ఇంటి పుస్తకంలో తేదీతో సహా రాసుకుని, అప్పుడు పాస్‌పోర్టు చేతికివ్వండి. డబ్బు పంపడానికి భార్య పేరు మీద, లేదా ఇద్దరి పేరు మీద బ్యాంకు ఖాతా బయల్దేరకముందే తెరిపించండి. కాంట్రాక్టు జిరాక్సు ఒకటి, ఏజెంటు రసీదు ఒకటి, బీమా కాగితం ఒకటి ఆమె దగ్గరే ఉంచండి.